చివరి హల్లెలూయకు ముందు



కండక్టర్ అనగానే మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఎవరికైనా గుర్తొచ్చేది ఆర్టీసీ బస్సే. భుజాన సంచి, చేతిలో టికెట్లు, నోట్లో విజిల్. రైట్ అంటే బండి కదులుతుంది, హోల్డాన్ అంటే ఆగుతుంది. పాటల ప్రపంచంలో కూడా ఒక కండక్టర్ ఉన్నాడు. ఆయన చేతిలో టికెట్లుండవు, సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. అయినా పని ఇంచుమించు అదే. ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎవరు ఎక్కడ దిగాలి, బండి ఎక్కడ ఆగాలి అన్నది ఆయనకు తెలియాలి. అది కూడా బండి బయలుదేరిన తరువాత కాదు, బయలుదేరక ముందే తెలియాలి.

ఈ సంగతి నేను నేర్చుకున్నది ఒక అవమానం వలన. ఆ అవమానం నాకు జరిగినది కాదు, నా వలన మరొకరికి జరిగినది. అందుకే ఇన్నేళ్ళయినా మరచిపోలేకపోతున్నాను.

2008వ సంవత్సరం ఈస్టర్ పండుగ. అప్పటికి మన మూడు పట్టణాలూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాయి. నేను డిప్లొమా ముగించుకొని సేవలోకి వచ్చి మూడేళ్ళయింది. పట్నం సంఘాల్లో హాండెల్ రాసిన హల్లెలూయ కోరస్ విని, మా పల్లె సంఘంలో కూడా అది మ్రోగాలని ఆశపడ్డాను. ఆశలో తప్పు లేదు, తొందరలో ఉంది. ఒక సీడీ తెచ్చాను. పద్నాలుగు మంది యౌవనస్థులను కూర్చోబెట్టి, పది రాత్రులు ఆ సీడీ వేసి దానితో పాటు పాడించాను. దానినే ప్రాక్టీసు అనుకున్నాను.

ఆ పద్నాలుగు మందిలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడు. తండ్రి లేడు. పుణెలో కట్టడం పనులు చేసుకుంటూ పండుగకని ఊరికి వచ్చాడు. లోతు బావిలోంచి వచ్చినట్లుండే గొంతు. దేవుడిచ్చిన గొంతు అని అందరూ అనేవారు. పాడుతున్నప్పుడు అతని ముఖంలో కనిపించే సంతోషం చూసి, ఈ పిల్లవాడు సంఘానికి పనికొస్తాడు అని నేను కూడా అనుకున్నాను.

హల్లెలూయ కోరస్ విన్నవారికి తెలుసు. చివరికి వచ్చేసరికి హల్లెలూయ అనే మాట వెంటవెంటనే నాలుగుసార్లు గట్టిగా వస్తుంది. ఆ వెంటనే అందరూ, వాద్యాలతో సహా, ఒక్కసారిగా ఆగిపోతారు. నిశ్శబ్దం. ఆ తరువాతనే చివరి హల్లెలూయ నిదానంగా, నిండుగా వస్తుంది. ఆ రోజు ఆ నిశ్శబ్దంలో ఆ అబ్బాయి గొంతు ఒక్కటే లేచింది. చర్చి నిండా జనం. ముందు పిల్లలు నవ్వారు, తరువాత పెద్దలు నవ్వారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేను కూడా నవ్వాను. మర్నాడు మొదటి బస్సుకే అతడు వెళ్ళిపోయాడు. తరువాత ఏ పండుగకు ఊరికి వచ్చినా వెనుక బెంచీలో కూర్చున్నాడే గాని క్వయర్ వైపు రాలేదు.

తప్పు ఎవరిది? పోయిన ఊపులో పోయాడు పిల్లవాడు. ఆ చోట ఆగాలని, ఎన్ని మాత్రలు ఆగాలని అతనికి చెప్పవలసినవాణ్ణి నేను. నాకే తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. దారి తెలియని కండక్టర్ ప్రయాణికుణ్ణి చీకట్లో దించి వెళ్ళినట్లయింది.

ఆ బాధతోనే తరువాత హైదరాబాదులో ఒక వృద్ధ క్వయర్ మాస్టర్ గారిని కలుసుకున్నాను. ఆయన తన పుస్తకం తీసి నా ముందు పెట్టారు. అట్ట ఊడిపోయి గుడ్డతో కుట్టిన పుస్తకం. రెండు వందల పైచిలుకు పేజీలు. ఏ పేజీ తిప్పినా ఎర్ర పెన్సిలు, నీలి పెన్సిలు గుర్తులు, గీతలు, అంకెలు. అప్పుడు నాకు అర్థమైంది: పాట నడిపించేవాని పనిలో ఎక్కువ భాగం ఎవరూ పాడకముందే, ఎవరూ చూడకుండానే, ఒంటరిగా జరుగుతుంది. ఆ పని ఎలా చేస్తారో ఆయన దగ్గర నేర్చుకున్నది, తరువాత చదువుకొని తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

ఇరవై నాలుగు రోజుల పాట

హల్లెలూయ కోరస్ ఒంటరి పాట కాదు. అది 'మెస్సీయ' అనే పెద్ద సంగీత కావ్యంలో ఒక భాగం. దానిని రాసిన జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685లో జర్మనీలో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డాడు. యూరప్ సంగీతంలో సుమారు 1600 నుంచి 1750 వరకు ఉన్న కాలాన్ని బరోక్ కాలం అంటారు. హాండెల్, ఆయనతో పాటు అదే ఏడు పుట్టిన యోహాన్ సెబాస్టియన్ బాక్ ఆ కాలపు మహామహులు.

హాండెల్ 1741 ఆగస్టు 22న మెస్సీయ మొదలుపెట్టి సెప్టెంబరు 14న ముగించాడు. 24 రోజులు! మాటలు ఆయనవి కావు. చార్లెస్ జెన్నెన్స్ అనే భూస్వామి పాత, క్రొత్త నిబంధనల నుంచి వచనాలు ఏరి, వరుసగా కూర్చి ఇచ్చాడు. మొదటిసారి దానిని 1742 ఏప్రిల్ 13న ఐర్లండ్‌లోని డబ్లిన్ పట్టణంలో పాడారు. జనం ఎక్కువ పట్టేందుకు స్త్రీలు వెడల్పు గౌన్ల లోపలి కట్లు లేకుండా, పురుషులు కత్తులు లేకుండా రావాలని ముందే పత్రికలో ప్రకటించారు. ఆ రోజు వసూలైన డబ్బు మూడు భాగాలైంది. రెండు భాగాలు రెండు ఆసుపత్రులకు. మూడో భాగంతో అప్పు తీర్చలేక చెరసాలలో పడి ఉన్న 142 మందిని విడిపించారు. వడ్డీల బాధ తెలిసిన మన రైతు కుటుంబాలకు ఆ రోజు ఆ ఇళ్ళల్లో ఎంత సంతోషం కలిగిందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే మెస్సీయ పాడడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. మూడు భాగాలు. మొదటిది ప్రవచనాలు, రక్షకుని జననం. రెండవది ఆయన శ్రమ, మరణం, పునరుత్థానం, సువార్త లోకమంతటికీ వెళ్ళడం. మూడవది మృతుల పునరుత్థానం, నిత్యజీవం. ఇంత పెద్దదానిని కండక్టర్ ఎలా సిద్ధం చేస్తాడు?

మొదటి పని: మాటలు చదవడం

చాలామంది రాగంతో మొదలుపెడతారు. తెలిసినవారు మాటలతో మొదలుపెడతారు. స్కోరు పుస్తకం పక్కన పెట్టి, పరిశుద్ధ గ్రంథము తెరిచి, ఏ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూస్తారు. మెస్సీయలో మొదట పాడే మాట యెషయా 40వ అధ్యాయంలోని ఓదార్పు. చివరి కోరస్ ప్రకటన గ్రంథము 5వ అధ్యాయంలోని గొఱ్ఱెపిల్ల స్తుతి. హల్లెలూయ కోరస్ మాటలు ప్రకటన 19:6, 11:15, 19:16 వచనాలనుంచి తీసుకున్నవి. అంటే అది పుట్టినరోజు పాట కాదు, రాజు సింహాసనం మీద కూర్చున్న రోజు పాట. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే పాడే గొంతు మారిపోతుంది.

యెషయా 53:6 మీద కట్టిన కోరస్ చూడండి. గొఱ్ఱెలు తలో దారి పట్టాయన్న మాటను హాండెల్ చాలా హుషారుగా కట్టాడు. ఒక గొంతు ఇటు, ఒక గొంతు అటు పరుగులు పెడతాయి. మందలో గొఱ్ఱెలు చెదరినట్లే ఉంటుంది. వింటుంటే నవ్వు కూడా వస్తుంది. కాని చివరి ఘట్టంలో అకస్మాత్తుగా పరుగు ఆగిపోతుంది. చాలా నిదానంగా, బరువుగా, దుఃఖ స్వరంలో, మన దోషమంతా ఆయన మీద పడిందన్న మాట వస్తుంది. అంతవరకు సరదాగా తిరిగినవారికి తమ తిరుగుడు ఖరీదు ఎవరు కట్టారో అప్పుడు తెలుస్తుంది. ఈ మలుపు ముందే చూసుకోని కండక్టర్ మొదటి భాగాన్ని వట్టి సరదా పాటగా పాడిస్తాడు, చివరి భాగం వచ్చేసరికి తడబడతాడు. చూసుకున్నవాడు ఆ హుషారులోనే రాబోయే దుఃఖాన్ని దాచి ఉంచుతాడు.

ఇంకొక చిక్కు ఉంది. యెషయా 9:6లోని శిశువు పుట్టిన సంగతికి హాండెల్ కట్టిన వరుస కొత్తది కాదు. అంతకుముందు నెలలోనే ఇద్దరు గాయకుల కోసం ఇటాలియన్ భాషలో తాను రాసిన ఒక ప్రేమ పాట వరుసను తీసుకొని దీనికి పెట్టాడు. ఆ ఇటాలియన్ పాట 'కాదు' అనే గట్టి మాటతో మొదలవుతుంది. అందుచేత ఇంగ్లీషులో 'ఏలయనగా' అనే అర్థమిచ్చే చిన్న మాట మీద అనవసరంగా బరువు పడుతుంది. తెలిసిన కండక్టర్ ఆ మాటను తేలికగా పలికించి, శిశువు అన్న మాట మీద వెలుగు పడేటట్లు చేస్తాడు. మనం పరాయి రాగాలకు తెలుగు మాటలు పెట్టి పాడేటప్పుడు కూడా ఇదే చిక్కు. 'బలము' అన్న మాటను సాగదీస్తే 'బాలము' అవుతుంది. మాట చచ్చిపోయి రాగం మిగిలితే అది ఆరాధన కాదు.

రెండవ పని: దారి మొత్తం చూసుకోవడం

తరువాత పుస్తకం మొదటినుంచి చివరిదాకా, ఆగకుండా, శబ్దం లేకుండా కళ్ళతో చదువుతారు. ఒక్కో పాట అందం చూడడానికి కాదు, శిఖరాలు ఎక్కడున్నాయో, లోయలు ఎక్కడున్నాయో చూడడానికి.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండున్నర గంటల మెస్సీయలో హాండెల్ బూరలు ఊదించింది నాలుగే నాలుగు చోట్ల. గొఱ్ఱెల కాపరులకు దూతలు కనబడినప్పుడు మొదటిసారి. అక్కడ కూడా బూరలు దూరంనుంచి వినిపించినట్లు కొంచెం మెల్లగా ఊదాలని తన చేతితో రాసి పెట్టాడు. రెండవది హల్లెలూయ కోరస్. మూడవది కడబూర మ్రోగునప్పుడు మృతులు లేస్తారన్న పాట. నాల్గవది చివరి గొఱ్ఱెపిల్ల స్తుతి, ఆమేన్. భేరి వాయించేది రెండే చోట్ల, హల్లెలూయలోను, చివరి కోరస్‌లోను. అంతసేపు ఆ వాయిద్యగాళ్ళు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే.

ఎందుకలా? ఉన్న బలమంతా మొదట్లోనే ఖర్చుపెడితే చివరికి ఏమీ మిగలదు. బేత్లెహేములో దూరంగా వినబడిన బూర సింహాసనం దగ్గర దగ్గరగా వినబడాలి. హల్లెలూయలో రాజులకు రాజు అన్న మాట దగ్గర సొప్రానోలు ఒకే స్వరం మీద నిలబడి, మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతారు. మొదటి పేజీలోనే గొంతు చించుకుంటే ఆ మెట్లు ఎక్కలేరు. మా పద్నాలుగు మంది మొదటి నిమిషంలోనే గొంతు చించుకున్నారు. ఆపవలసినవాణ్ణి నేనే ఇంకా గట్టిగా అన్నాను.

ఇలా దారి చూసుకోవడానికి కొందరు సంవత్సరాలు తీసుకున్నారు. బాక్ రాసిన మత్తయి సువార్త శ్రమకావ్యం రెండు గాయక బృందాలు, రెండు వాద్య బృందాలు కలిసి పాడేది. బాక్ పోయిన తరువాత అది మరుగున పడింది. ఫెలిక్స్ మెండెల్‌సన్ అనే బాలునికి అమ్మమ్మ దాని ప్రతి ఒకటి రాయించి బహుమానంగా ఇచ్చింది. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసునుంచి దానితోనే బ్రతికి, ఇరవై ఏళ్ళ వయసులో, 1829 మార్చి 11న బెర్లిన్‌లో దానిని నడిపించాడు. లోకం బాక్‌ను మళ్ళీ గుర్తు చేసుకున్నది అప్పటినుంచే.

మూడవ పని: పడుగు, పేక

స్కోరు పేజీ తెరిస్తే పై నుంచి క్రిందికి పది పన్నెండు వరుసలుంటాయి. పైన వాద్యాలు, నడుమ సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు గొంతులు, అడుగున మందర స్వర వాద్యాలు. అన్నీ ఒకేసారి నడుస్తాయి. దీనిని ఎలా చదవాలి?

గద్వాల మగ్గం చూసినవారికి చెప్పడం తేలిక. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు. ఆ రెంటినీ పోగు పోగుగా కలిపి నేస్తారు. పడుగు సరిగా పెట్టకుండా ఎంత మంచి పేక వేసినా చీర నిలవదు. పాటలో కూడా ఎడమనుంచి కుడికి నడిచే ఒక్కొక్క గొంతు పడుగు. ఒకే క్షణంలో అన్ని గొంతులు కలిసి మ్రోగే స్వరాల పొందిక పేక. కండక్టర్ ముందు పడుగు చూస్తాడు. సొప్రానో వరుస మొదటినుంచి చివరిదాకా తానే పాడుకుంటాడు. తరువాత ఆల్టో, తరువాత టెనర్, తరువాత బాస్. ఆడవారి వరుసైనా సరే, తన గొంతులో క్రింది స్థాయిలో పాడుకుంటాడు. తాను పాడలేని వరుసను ఇంకొకరికి నేర్పలేడు. ఆ తరువాత కీబోర్డు మీద పేక చూస్తాడు, ఎక్కడ స్వరాలు రాచుకుంటాయి, ఎక్కడ కలుస్తాయి అని.

బరోక్ పాటలో ఫ్యూగ్ అనే పద్ధతి ఒకటుంది. నాట్లు వేసేటప్పుడు ఒక అక్క పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు గదా. ఫ్యూగ్‌లో కూడా ఒక గొంతు ఎత్తుకుంటుంది, రెండవది అందుకుంటుంది. తేడా ఏమంటే, రెండవది అందుకున్నప్పుడు మొదటిది ఆగదు, వేరే మాటతో సాగుతూనే ఉంటుంది. మూడవది, నాల్గవది కూడా చేరతాయి. మెస్సీయ చివర ఆమేన్ అనే ఒక్క మాట మీద కొన్ని నిమిషాల ఫ్యూగ్ ఉంది. అందులో ఎవరు అసలు మాట ఎత్తుకుంటున్నారో కండక్టర్ రంగు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాడు. ఆ గొంతు వినబడేటట్లు మిగతావారిని తగ్గిస్తాడు. సంఘంలో కూడా ఇదే కావాలి గదా! ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావారు నోరు మూసుకోనక్కరలేదు, కొంచెం తగ్గితే చాలు.

నాల్గవ పని: రాయనిది చదవడం

బరోక్ కాలపు పుస్తకాల్లో రాసినదానికంటె రాయనిది ఎక్కువ. అడుగు వరుసలో ఒక స్వరం రాసి, దానిపైన 6 అనో 7 అనో అంకె వేస్తారు. హార్ప్సికార్డ్ లేక ఆర్గన్ వాయించేవాడు ఆ అంకెను బట్టి మిగతా స్వరాలు తానే పూరించుకోవాలి. మన హార్మోనియం మాస్టర్ గారు పాట విని, పక్క స్వరాలు తానే పట్టుకుంటారు గదా, అలాంటిదే. మెల్లగా పాడాలో గట్టిగా పాడాలో ఎక్కడో తప్ప రాయరు. వేగం సంగతి లార్గెట్టో, అల్లెగ్రో వంటి ఒకటి రెండు ఇటాలియన్ మాటలే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. ఆ పేరు చూసి ఎలా పాడాలో పెద్దలకు తెలిసేది. తెలియనివారికి అది ఉత్త పేరు. ఇదీ అంతే. అందుకే కండక్టర్ ఆ కాలపు అలవాట్లు చదువుకుంటాడు. ఆ కాలంలో ఇప్పటిలా చేతిలో పుల్ల పట్టి నిలబడి నడిపించడం సాధారణం కాదు. హాండెల్ హార్ప్సికార్డ్ లేక ఆర్గన్ దగ్గర కూర్చొనే నడిపించాడు.

ఎంతమందితో పాడించాలన్నది కూడా పుస్తకంలో ఉండదు. హాండెల్ అనాథ శిశువుల ఆసుపత్రి సహాయార్థం 1750నుంచి లండన్‌లో మెస్సీయ వినిపించేవాడు. అక్కడి 1754 నాటి లెక్కల ప్రకారం పాడినవారు పాతిక మంది లోపే, వాయించినవారు సుమారు నలభై మంది. అదే 1857లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో సుమారు రెండు వేల మంది పాడారు. ఈ లెక్క చూసి నాకు ధైర్యం వచ్చింది. హాండెల్‌కు పాతిక మంది లోపే చాలినప్పుడు, మా ఊళ్ళో పద్నాలుగు మంది తక్కువ కాదు. తక్కువైంది నా చదువు.

ఐదవ పని: మనుషులను ఎరగడం

ఇంత చేసినా ఇంకా ఎవరూ పాడలేదని గమనించండి. ఇప్పుడు కండక్టర్ పాడేవారిని తలచుకుంటూ మళ్ళీ పుస్తకం తెరుస్తాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కామా గుర్తు పెడతాడు. ఎక్కడ తప్పుతారో ముందే ఊహించి ఎర్ర గీత గీస్తాడు. హల్లెలూయ చివరి నిశ్శబ్దం దగ్గర ఆ వృద్ధ మాస్టర్ గారి పుస్తకంలో ఎర్రగా పెద్ద చుట్టు చుట్టి ఉంది. అది చూడగానే నా కళ్ళు తడిశాయి. ఆయనకు తెలిసింది, అక్కడ ఎవడో ఒకడు పడతాడని. అందుకే ముందుగా కంచె కట్టారు.

ప్రాక్టీసు కూడా మొదటి పేజీనుంచి మొదలుపెట్టరు. కష్టమైనవి ముందు, తాజాగా ఉన్నప్పుడు. కొందరు ఫ్యూగులను చివరినుంచి వెనక్కి నేర్పుతారు. అప్పుడు పాడేవారు తెలియనిదానిలోనుంచి తెలిసినదానిలోకి నడుస్తారు గాని, తెలిసినదానిలోనుంచి చీకట్లోకి నడవరు.

హాండెల్ కూడా ఇలాగే చేసేవాడు. తాను నడిపించేందుకు వాడిన మెస్సీయ ప్రతి ఈ రోజు కూడా ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉంది. అందులో పాటల దగ్గర గాయకుల పేర్లు ఆయన చేతివ్రాతలో ఉన్నాయి. పాడేవారు మారినప్పుడు వారి గొంతుకు తగినట్లు పాటనే మార్చి రాసేవాడు. తాను రాసిన పాటకంటె పాడే మనిషికి విలువ ఇచ్చాడన్నమాట.

అంతటివానికీ ఒక పొరపాటు రోజు ఉంది. 1741లో డబ్లిన్‌కు ఓడ ఎక్కబోతూ, గాలి అనుకూలించక చెస్టర్ పట్టణంలో ఆగిపోయాడు. తొందరలో రాయించిన ప్రతుల్లో తప్పులున్నాయేమో చూసుకుందామని ఊరి గాయకులను పిలిపించాడు. వారిలో జాన్సన్ అనే ముద్రాపకుడు, బాస్ గొంతువాడు, మళ్ళీ మళ్ళీ తప్పాడు. హాండెల్‌కు కోపం వచ్చి, చూడగానే పాడగలనన్నావు గదా అని కేకలేశాడు. పాడగలను గాని మొదటిసారి చూడగానే కాదు అని అతడు జవాబిచ్చాడట. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో బడిపిల్లవాడుగా ఉన్న చార్లెస్ బర్నీ 1785లో ఈ సంగతి రాశాడు. చదివి అందరూ నవ్వుతారు. నేను మాత్రం ఆ బాస్ గొంతువాడు ఇంటికి ఎలా వెళ్ళాడో అని ఆలోచించాను.

రైతులు పాడిన మెస్సీయ

ఇదంతా పట్నంవారికి, చదువుకున్నవారికి అని మీరనవచ్చు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో లిండ్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. స్వీడన్ దేశంనుంచి వలస వచ్చిన రైతుల ఊరు. అంతకుముందు అక్కడ కాపరిగా ఉన్న ఒలోఫ్ ఓల్సన్ 1879లో లండన్ వెళ్ళినప్పుడు మెస్సీయ విని, ఇది మా గోధుమ పొలాలవారు కూడా పాడాలని ఆశపడ్డాడు. ఆయన తరువాతి కాపరి కార్ల్ స్వెన్సన్ భార్య అల్మా స్వెన్సన్ ఆ రైతులకు ఓపికగా ఒక్కొక్క గొంతు నేర్పింది. పొలం పనులు ముగించుకొని దూరాలనుంచి వచ్చి నేర్చుకున్నారు. 1882 మార్చి 28న పాడారు. అప్పటినుంచి ఈస్టర్ కాలంలో మెస్సీయ పాడడం ఆ ఊరి ఆచారమైంది. మెన్నోనైట్ బ్రదరెన్ సంఘానికి ఒకప్పుడు ముఖ్య కేంద్రంగా ఉన్న హిల్స్‌బరో ఉన్నది ఆ పక్క జిల్లాలోనే.

మన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలకు ఇంకొక వారసత్వం కూడా ఉంది. 1889లో తెలుగు దేశానికి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ గారు రష్యాలోని మెన్నోనైట్ పల్లెలనుంచి వచ్చినవారు. ఆ పల్లె బడుల్లో గీతల స్వరలిపికి బదులు అంకెలతో పాట నేర్పేవారు. మన స రి గ మ ప ద ని ఏడు స్వరాలకు 1 నుంచి 7 దాకా అంకెలు వేసుకున్నట్లు. హైన్రిచ్ ఫ్రాంజ్ అనే ఉపాధ్యాయుడు కూర్చిన అలాంటి పాటల పుస్తకం 1860లో అచ్చయింది. దున్నుకొని బ్రతికే జనం అంకెలు చూసి నాలుగు గొంతుల్లో పాడారు. లెక్క వచ్చినవారికి పాట వస్తుందని వారు చూపించారు. మన పిల్లలకు లెక్క రాదా?

మన సంఘాల్లో

దావీదు దినాల్లో ఆసాపు, హేమాను, యెదూతూను కుమారుల్లో పాట నేర్చి ప్రవీణులైనవారు 288 మంది అని మొదటి దినవృత్తాంతములు 25:7 చెబుతుంది. నేర్చినవారు అన్న మాట గమనించండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చొని లెక్క చూసుకుంటాడని ప్రభువు కూడా చెప్పాడు (లూకా 14:28). సిద్ధపడకుండా ఆత్మ నడిపిస్తాడులే అనడం విశ్వాసం కాదు. అది సోమరితనానికి వేసిన విశ్వాసం ముసుగు. నాకు ఆ ముసుగు బాగా అలవాటుండేది గనుక చెబుతున్నాను.

క్వయర్ నడిపించే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మెస్సీయ పాడినా పాడకపోయినా, ఒక్క కీర్తన పాడించినా ఈ క్రమం పాటించి చూడండి. ముందు మాటలు చదవండి, వచనం వెదకండి. పాట శిఖరం ఎక్కడో గుర్తించి, అంతవరకు బలం దాచండి. ప్రతి వరుసా మీరే ముందు పాడుకోండి. ఊపిరి గుర్తులు, ఆగే చోట్లు పెన్సిలుతో రాసుకోండి. ఎవరు ఎక్కడ తప్పుతారో ఆలోచించి, ఆ మనిషి దగ్గరకు ముందే వెళ్ళండి. పండుగకు పది రోజుల ముందు కాదు, కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి. వలస వెళ్ళినవారు ఊరికి వచ్చే రోజులు చూసుకొని వారికోసం చోటు ఉంచండి.

నేను చివరికి చేసిన పని చెప్పి ముగిస్తాను. 2015 డిసెంబరులో ఆ అబ్బాయి క్రిస్మస్‌కు ఊరికి వచ్చాడని తెలిసి వారి ఇంటికి వెళ్ళాను. అప్పటికి పెళ్ళయి, ఒక బిడ్డ తండ్రి. మంచం మీద కూర్చొని, హల్లెలూయ చివరి పేజీ తెరిచి అతని చేతిలో పెట్టాను. ఈ మౌనం ఇక్కడుందని ఆ రోజు నేను నీకు చెప్పలేదు, తప్పు నాది, నవ్వినందుకు క్షమించు అన్నాను. అతడు చాలాసేపు ఆ పేజీ చూశాడు. ఇక్కడ ఎన్ని లెక్కపెట్టాలి అయ్యగారూ అని మాత్రం అడిగాడు. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఆ శీతాకాలం అతడు పుణెకు తిరిగి వెళ్ళలేదు, ఊళ్ళోనే కౌలుకు కొంచెం భూమి చేసుకున్నాడు.

2016 ఈస్టర్‌కు ఇరవై ఇద్దరం పాడాం. గొప్పగా పాడామని చెప్పను. ఆల్టోలు ఒకచోట తప్పారు, కీబోర్డు ఒకసారి ముందుకు పోయింది. కాని నాలుగు హల్లెలూయలు అయిపోయి అందరూ ఆగినప్పుడు చర్చిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత మౌనం. నేను అతని కళ్ళల్లోకి చూశాను, అతడు నా చేతిని చూశాడు. ఇద్దరం లోపల లెక్కపెడుతున్నాం. తరువాత చివరి హల్లెలూయ అతని గొంతు మీద నిలబడి లేచింది.

ఆరాధన అయిన తరువాత అతని తల్లి వచ్చి నా చేయి పట్టుకుంది. "ఈసారి మావోడు ఆగిండు అయ్యగారూ" అన్నది.

ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. అతడు ఎనిమిదేళ్ళ క్రితమే ఆగగలిగినవాడు. ఆగడం నేర్చుకోవలసింది నేనే.